జాబితాలో లేని బావురుపిల్లి

మా గ్రూపులో నలభై మందిమి. వయసులు వేరు, ఊళ్ళు వేరు, జబ్బు మాత్రం ఒకటే: జూల పిచ్చి. పెళ్ళికి వెళ్ళినా, ఆసుపత్రిలో ఎవరినో చూడడానికి వెళ్ళినా, ఆ ఊళ్ళో జూ ఉంటే ముందు అక్కడ దిగుతాం. ఒకాయన పెళ్ళిచూపులకు బయల్దేరి, దారిలోని జూలో నీటిగుర్రం ఈనిందని తెలిసి బస్సు దిగిపోయాడు. అమ్మాయి వాళ్ళు వేరే సంబంధం చూసుకున్నారు. మా గ్రూపులో ఆ నీటిగుర్రం పిల్ల ఫొటోకి వచ్చినన్ని దీవెనలు ఆయన పెళ్ళికి కూడా వచ్చి ఉండేవి కావు.

ఏటా చలికాలంలో మేమొక పోటీ పెట్టుకుంటాం. పదహారు జూలు. చీటీలు తీసి రెండేసి జూలను జత కడతాం. ప్రతి జతకీ ఇంకో చీటీ, ఏ విషయంలో పోటీ అన్నదానికి. నీటి పక్షులు, పాములు, కోతులు, నడిచే దారిలో నీడ, ఏదైనా రావచ్చు. ఒక్కొక్కరి చేతిలో ఐదు పాయింట్లు ఉంటాయి. రెండు జూలకీ పంచాలి, ఎందుకలా పంచామో రాయాలి. అడ్మిన్ సార్ రిటైరైన లెక్కల మాస్టారు. కారణం రాయని ఓటు చూస్తే ఆయనకు పాత రోజులు గుర్తొచ్చి సున్నా చుట్టేస్తాడు. బహుమతి ఏమీ లేదు. గెలిచిన జూకి తాను గెలిచినట్టు తెలియదు. అక్కడి పులికి అసలే తెలియదు.

ఇంత అమాయకమైన ఆట ఒక మనిషి ఉద్యోగం మీదికీ, ఒక జంతువు ప్రాణం మీదికీ ఎలా వచ్చిందో చెప్పాలంటే మా మామ గురించి చెప్పాలి.

మామ మా అమ్మకి అన్న. దొరవారిసత్రం నుంచి పులికాట్ సరస్సు వైపు పోయే దారిలో ఒక పాత జింకల పార్కు ఉంది. నాకు పళ్ళు రాకముందు నుంచీ ఆయన అందులో టెంపరరీ కీపరు. నాకు పాలపళ్ళు ఊడి, కొత్తవి వచ్చి, జ్ఞానదంతం కూడా వచ్చింది. ఆయన టెంపరరీగానే ఉన్నాడు. అన్నేళ్ళు నిలబడిన టెంపరరీ ఇంక కదలదని నేను ధైర్యంగా ఉండేవాణ్ణి.

పార్కులో చుక్కల జింకలు, నాలుగు నెమళ్ళు, ఒక గుంటలో రెండు మొసళ్ళు ఉన్నాయి. ఒక ఈమూ ఉంది. ఈమూల పెంపకం ఊపులో ఉన్న రోజుల్లో ఎవరో కొని, పెంచలేక, గేటుకి కట్టేసి పోయారు. కోతుల బోను ఖాళీ. కోతులు బయటుంటాయి, చూడవచ్చిన వాళ్ళ చేతుల్లోంచి అరటిపళ్ళు లాక్కుంటూ.

ఆ ఏడాది పోటీకి పదహారో జూ దొరకలేదు. ఉన్నదొకటి మరమ్మతులకి మూసేశారు. "ఎవరైనా ఒక పేరు చెప్పండి" అని అడ్మిన్ సార్ అడిగాడు. నేను తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాను. కంపెనీ బస్సులో కూర్చుని, పొద్దుపోక, "మా మామ జూ" అని కొట్టి, కింద పార్కు పేరు పెట్టాను. నవ్వి ఊరుకుంటారనుకున్నాను. సార్ చీటీ రాసేశాడు.

మొదటి రౌండులో మాకు పడింది ఒక మహానగరపు జూ. విషయం నీటి పక్షులు. ఓడిపోవడానికి నేను చక్కగా తయారయ్యాను. కానీ మా మొసళ్ళ గుంట మీదికి వంగిన చెట్లకి చలికాలంలో ఎర్రకాళ్ళ కొంగలూ గూడబాతులూ వచ్చి గూళ్ళు కడతాయి. మామ ఫోన్లో తీసిన ఫొటోలు పెట్టాను.

"అవి మీ పార్కు పక్షులు కావు. గాలికి వచ్చినవి" అని ఒకాయన అభ్యంతరం చెప్పాడు.

"మా మామ వాటిని పొమ్మనలేదు గదా సార్" అన్నాను.

మూడు రోజులు చర్చ జరిగింది. గూడు ప్రహరీ లోపల ఉంది కాబట్టి చెల్లుతుందని అడ్మిన్ సార్ తీర్పు చెప్పాడు. సిమెంటు మడుగులో ఆరు బాతులున్న మహానగరం ఓడిపోయింది.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక పార్కుకి వెళ్ళి మామకి చెప్పాను. ఆయన జింకల తొట్లో గడ్డి దులుపుతున్నాడు.

"గెలిస్తే ఏమిస్తారు అబ్బయా?"

"ఏమీ ఇవ్వరు."

"ఓడితే?"

"ఏమీ చెయ్యరు."

"ఇదేం పోటీరా. పిల్లకాయలు గూడా గోలీలకన్నా ఆడుకుంటారు."

అలా అన్నాడే గానీ, తర్వాతి వారం వెళ్ళేసరికి బోర్డులన్నీ కడిగి ఉన్నాయి. ఈమూ బోర్డు మీద చెరిగిపోయిన అక్షరాలను సుద్దముక్కతో మళ్ళీ దిద్దాడు. ఈమూ మాత్రం ఎప్పటిలాగే ఎవరి మీదో కోపంతో నిలబడి ఉంది.

రెండో రౌండు చీటీ బుధవారం మధ్యాహ్నం తీశారు. విషయం: చిన్న పిల్లిజాతులు. పులి, సింహం, చిరుత కాకుండా మిగిలినవి. అవతలి జూలో అలాంటివి నాలుగు రకాలున్నాయి. మా పార్కు జాబితాలో ఒక్కటీ లేదు.

జాబితాలో లేదు. పార్కులో ఉంది.

దాణా షెడ్డు వెనక, ఈమూ కోసం కట్టి ఈమూకి నచ్చక వదిలేసిన దొడ్డి ఒకటి ఉంది. పైన రేకు, చుట్టూ తాటాకు తడిక. అందులో మామ ఒక బావురుపిల్లిని పెంచుతున్నాడు. పులికాట్ రెల్లుగడ్డిలో తిరిగే అడవిపిల్లి అది. వీధి పిల్లికి రెండింతలుంటుంది, నీళ్ళలోకి దిగి చేపలు పడుతుంది. పులిని కాపాడే చట్టమే దీన్నీ కాపాడుతుంది. పులిని పెరట్లో కట్టేసుకుంటే ఎంత నేరమో, దీన్ని కట్టేసుకున్నా అంతే.

రెండేళ్ళ కిందట సరస్సు మీద చేపల వేటకి పోయే వాళ్ళు దాన్ని పిల్లగా పీతల బుట్టలో పెట్టి తెచ్చారు. వలలో చిక్కి వెనకకాలు కోసుకుపోయింది. బతకదనుకుని మామ ఆఫీసులో చెప్పలేదు. బతికింది. బతికాక, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పాలో తోచక చెప్పలేదు. మొదటి రోజు చెబితే జాలి పడి ఉండేవాళ్ళు, నెల తర్వాత అయితే తిట్టి ఉండేవాళ్ళు. రెండేళ్ళ తర్వాత చెబితే కేసే. మామకి లెక్కలు రావు గానీ ఈ లెక్క బాగా వచ్చు. నాకు చూపించిన రోజే చెప్పాడు: "ఇది మన ముగ్గురి మధ్యే అబ్బయా. నువ్వు, నేను, ఇది."

ఆ పిల్లి ఎక్కువగా సిమెంటు తొట్టి అంచున కూర్చుంటుంది. రెప్ప వెయ్యదు. మనం వచ్చినప్పటి నుంచి పోయేదాకా చూస్తూనే ఉంటుంది. ముగ్గురిలో మాట తప్పేది ఎవరో దానికి ముందే తెలిసినట్టు నన్నే చూసేది. నాకు వణుకు పుట్టేది. పిల్లికి నా టిఫిన్ డబ్బాలోని చేపల పులుసు వాసన వస్తోందని తెలిశాక వణుకు తగ్గింది.

గురువారం గ్రూపులో ఒకడు ఎగతాళి మొదలుపెట్టాడు. "మీ మామ జూలో పిల్లి ఉందా? పాలు తాగేదా, పెరుగు తాగేదా?" ఇరవై నవ్వులు పడ్డాయి. గ్రూపులో నవ్వించేది నేను. నన్ను చూసి నవ్వడం నాకు అలవాటు లేదు. మధ్యాహ్నం క్యాంటీన్లో సాంబారన్నం ముందు పెట్టుకుని, ఫోన్లో దాచుకున్న బావురుపిల్లి ఫొటో ఒకటి తీసి, బోను కనపడకుండా కత్తిరించి, పెట్టేశాను. కింద "పెరుగు తాగదు, చేపలైతే తింటుంది" అని రాశాను.

బోను కత్తిరించానే గానీ, ఆ రౌండులో ఏ పార్కు తరఫున ఏ ఫొటో పెట్టారన్నదే అసలు పోటీ. కాబట్టి పైనే పార్కు పేరుంది. కాపలా అంతా వెనక గేటుకి పెట్టి, ముందు గేటుకి తోరణం కట్టిన తెలివి నాది.

అరగంటలో ముప్పై ఓట్లు, చాలావరకు ఐదుకి ఐదు. "అద్భుతం", "మన జిల్లాలోనా", "ఎంత నిండైన పిల్లి". ఎగతాళి చేసినవాడు కూడా నాలుగిచ్చాడు. అప్పుడు జాబితాల మేడం వచ్చింది.

ఆమెను మాలో ఎవరూ చూడలేదు. దేశంలో ఏ జూలో ఏ జంతువులు ఎన్ని ఉన్నాయో, మగవెన్ని, ఆడవెన్ని, తెలియనివెన్ని, అన్ని జాబితాలూ ఆమె దగ్గరుంటాయి. ఎక్కడో ఒక నక్క చనిపోతే, ఆ జూ వాళ్ళకన్నా ముందు ఆమె ఒకటి తగ్గించుకుంటుందని మేము అనుకునేవాళ్ళం. ఆమె రాసింది: "ఈ పార్కు జాబితాలో బావురుపిల్లి లేదు. ఎప్పుడు వచ్చింది? ఎక్కడి నుంచి? మగా, ఆడా?" చివర ఒక గులాబీ పువ్వు బొమ్మ.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. సాంబారు చల్లబడింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

నేను ఫోను బోర్లించి పెట్టాను. అడ్మిన్ సారే కల్పించుకున్నాడు. జాబితాలో లేని జంతువుని లెక్కలోకి తీసుకోవాలంటే ఇద్దరు సభ్యులు వెళ్ళి కళ్ళారా చూడాలి, అది మా నియమం. నెల్లూరు నుంచి ఇద్దరు వెంటనే ముందుకొచ్చారు. "ఆదివారం వస్తాం. మామయ్యగారికి చెప్పండి. టిఫిన్ లాంటివేమీ పెట్టుకోవద్దు." నిజంగా ప్రేమగా రాశారు. భయం అందుకే. శత్రువులైతే గేటు మూసుకోవచ్చు, టిఫిన్ వద్దనే వాళ్ళని ఎలా ఆపాలి?

శుక్రవారం డ్యూటీకి సెలవు పెట్టి పార్కుకి వెళ్ళాను. సముద్రంలో వాయుగుండం ఉంది. గాలి లేదు. చెట్ల మీద కొంగలు ఒక్కటీ కదలడం లేదు. జింకలన్నీ ఒకే వైపు తిరిగి నిలబడ్డాయి, గేటు వైపు. ఎవరో రాబోతున్నారని వాటికి తెలిసిపోయిందనుకున్నాను. గడ్డి బండి రావలసిన టైమది, అంతే.

మామ షెడ్డు వెనక చేపలు కోస్తున్నాడు. నేను చెబుతున్నంతసేపూ కత్తి ఆడుతూనే ఉంది. అయిపోయాక ఆగింది.

"పార్కు పేరు పెట్టినావా?"

"పెట్టాను."

"నా పేరు?"

"పేరు లేదు. మా మామ జూ అని..."

"బాగుంది. చుట్టరికంతో సహా పెట్టినావు."

తిట్టలేదు. ఒక చేప ముక్క తడిక సందులోంచి లోపలికి వేశాడు. పిల్లి దాన్ని చూడలేదు, నన్ను చూసింది.

"వాళ్ళు వచ్చి చూస్తే ఏమవతాది?"

"పొగుడుతారు మామా. ఫొటోలు తీసుకుంటారు. నలుగురికీ చెబుతారు."

"తిట్టినా బాగుండు గదా" అన్నాడు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుని కాసేపు ప్రార్థన చేసినట్టు కూర్చుంది. తర్వాత కళ్ళు తెరిచి, "నీ నోటికి తాళం లేదని ఊరందరికీ తెలుసు. ఫోనుకన్నా ఉంటుందిగదరా, లాకు" అంది.

శనివారం పొద్దున గ్రూపులో రాశాను: "క్షమించండి. ఆ ఫొటో నెట్‌లోంచి తీసింది. జోక్ చేశాను."

నమ్మడానికి వాళ్ళకి ఒక్క నిమిషం పట్టలేదు. ఇన్నేళ్ళు నేను నిజం చెప్పినప్పుడు కూడా నమ్మని వాళ్ళు, అబద్ధాన్ని కళ్ళకద్దుకున్నారు. అడ్మిన్ సార్ మా పార్కుకి వచ్చిన పాయింట్లన్నీ కొట్టేశాడు, మొదటి రౌండు కొంగలతో సహా. "ఇక్కడ ఓటు అంటే నమ్మకం" అని నాలుగు పేరాలు రాసి, నన్ను గ్రూపులోంచి తీసేశాడు. నలభై మంది ఓటర్లున్న ప్రజాస్వామ్యంలోంచి బహిష్కరణ. నెల్లూరు వాళ్ళిద్దరూ ప్రయాణం మానుకున్నారు. మామకి ఫోన్ చేసి చెబితే, "పోనీలే, బతికినాం" అన్నాడు. నేను కూడా అదే అనుకున్నాను, నాలుగు రోజులు.

ఐదో రోజు జాబితాల మేడం నాకు విడిగా మెసేజ్ పెట్టింది.

"మీ ఫొటోని అన్నిచోట్లా వెతికాను. నెట్‌లో ఎక్కడా లేదు."

పది నిమిషాలకి ఇంకొకటి: "తొట్టిలో నీళ్ళకి పాచి పట్టింది. ఆ పిల్లికి అలాంటి నీళ్ళు మంచివి కావు."

అంతే. బెదిరింపు లేదు, ప్రశ్న లేదు. ఈసారి పువ్వు కూడా లేదు. ఇంకేమైనా రాస్తుందేమోనని బస్సు తడ చేరేదాకా తెరనే చూశాను. ఏమీ రాయలేదు. అయినా ఆమె ఆ తెర వెనకే కూర్చుని, రెప్ప వెయ్యకుండా నావైపు చూస్తున్నట్టే ఉంది.

సాయంత్రం పార్కు మూసే ముందు మామకి చూపించాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"ఈమెకి తొట్టి సంగతి ఎట్టా తెలుసు?"

"ఫొటోలో మూల కనపడింది."

"కత్తిరించినా అంటివే."

"బోను కత్తిరించాను మామా. తొట్టి బాగుందని ఉంచాను."

మామ ఫోను నా చేతికిచ్చి, బకెట్టు తీసుకుని లోపలికి వెళ్ళాడు. తొట్టి వంచి, పీచుతో గీకి, బోరింగు దగ్గర నుంచి ఆరుసార్లు నీళ్ళు మోసి నింపాడు. నేను సాయం చేస్తానంటే వద్దన్నాడు. అంతా అయ్యాక గట్టు మీద కూర్చుని చెప్పాడు.

"రేపు పొద్దున్నే బండి తీసుకురా. ఫారెస్టు రేంజి ఆఫీసుకి పోదాం."

"మేడం ఎవరికీ చెప్పదేమో మామా."

"ఆయమ్మ చెప్పకపోతే ఇంకోరు చెప్తారు. వాళ్ళు చెప్తే దొంగతనం. నేను చెప్తే తప్పు. తప్పుకి ఒక దారి ఉంటాది." ఖాళీ బకెట్టు బోర్లించి అన్నాడు: "రేపు నాకు జ్వరమొస్తే దీనికి చేపేసేది ఎవురు? జాబితాలో లేనిదానికి డ్యూటీ ఎవురికీ పడదు అబ్బయా."

నేను ఎప్పుడూ ఏదో ఒకటి అంటాను. ఆ రోజు కూడా అనడానికి రెండు మూడు తయారుగానే ఉన్నాయి గానీ, మామ మొహం చూసి మింగేశాను.

రేంజి ఆఫీసులో సార్ మర్యాదగానే మాట్లాడాడు. కూర్చోమన్నాడు. కాగితం ముందుకు తోసి రాయమన్నాడు. రాసింది చదివి, తల ఎత్తకుండా అడిగాడు. "ఎప్పుడు వచ్చింది? ఎక్కడి నుంచి? మగా, ఆడా?"

మధ్యాహ్నానికి జీపు వచ్చింది, వెనక చెక్క పెట్టె. నలుగురు మనుషులు, చేతులకి మందపాటి తొడుగులు, ఒక వల. పిల్లి దొడ్డి మూలకి పోయి ఒళ్ళు రెండింతలు చేసుకుని గుర్రుమంది. ఆ శబ్దానికి మొసళ్ళ గుంట మీది కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. వలవాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

"మీరు జరగండయ్యా" అన్నాడు మామ.

పెట్టె తలుపు ఎత్తి, లోపల ఒక చేప పెట్టి, "రామ్మా" అన్నాడు, రోజూ అనే గొంతుతోనే. పిల్లి చూసింది. వాసన చూసింది. కుంటుకుంటూ వచ్చి లోపలికి పోయింది. తలుపు పడింది. అంత సులువుగా పోతుందని వాళ్ళు అనుకోలేదు, నేనూ అనుకోలేదు. మామకి మాత్రం ముందే తెలుసు. తలుపు పడేటప్పుడు అటు తిరిగి నిలబడ్డాడు.

సంతకం చేసిన కాగితంలో "అడవిపిల్లి జాతి, ఒకటి, ఆడ, వెనకకాలికి పాత గాయం" అని ఉంది. ఎక్కడికి తరలిస్తున్నారు అన్న చోట "తదుపరి ఆదేశాల మేరకు" అని రాశారు. వారం తిరక్కముందే పార్కు నుంచి మామకి కూడా కాగితం వచ్చింది: తదుపరి ఆదేశాల వరకు పనిలోకి రావద్దని. ఇన్నేళ్ళ టెంపరరీని కదిలించడానికి ఒకటిన్నర వాక్యం సరిపోయింది.

జరిగింది జరిగినట్టు మేడంకి రాశాను. "చెప్పడమే మంచిది" అని జవాబిచ్చింది. ఏ జూ కొత్త జాబితా పెట్టినా చూసి, ఆ పిల్లి ఎక్కడ చేరిందో నాకు చెబుతానంది. మాటంటే మాటే. ఒక్కో జాబితా వచ్చినప్పుడల్లా ఒక్క ముక్క పంపుతుంది: "ఇందులో లేదు." పోటీ ముగిసింది, ఎవరో గెలిచారు, ఎవరని నేను అడగలేదు. ఎండాకాలం వచ్చింది. చెట్ల మీది గూళ్ళు ఖాళీ అయ్యాయి. "ఇందులో లేదు. ఇందులోనూ లేదు."

మామ ఇప్పుడు రోజూ టిక్కెట్టు తీసుకుని పార్కుకి వెళ్తున్నాడు. గేటు దగ్గర వాడు మొహమాటపడి వద్దంటే, బలవంతంగా తీసుకుంటున్నాడట. జింకలు ఆయన నిలబడ్డ వైపే వచ్చేస్తాయి. అవతలి వైపు నిలబడిన పిల్లలకి జింకలు కనపడక ఏడుస్తున్నారని కొత్త కీపరు ఫిర్యాదు చేశాడు.

పోయిన ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, మా ఇంట్లో కూర్చుని, మామ ఎప్పటిలాగే అడిగాడు.

"ఆయమ్మ ఏమంటా ఉంది?"

"ఇంకా ఎక్కడా లేదంట."

"అన్నీ చూసిందా?"

"వచ్చినవన్నీ చూసింది మామా."

"చచ్చిపోయినవి గూడా రాస్తారా జాబితాలో?"

"రాస్తారు. అందులోనూ లేదు."

అమ్మ వంటింట్లో గరిటె ఆపింది. మామ గ్లాసులో నీళ్ళు సగం తాగి, మిగతా సగం చూస్తూ కూర్చున్నాడు.

"వాళ్ళకి కాలు సంగతి తెలుసు గదా?"

"కాగితంలోనే ఉంది."

"నీళ్ళ సంగతి?"

అది కాగితంలో లేదు. ఉందని చెప్పాను. మామ తల ఊపి, గ్లాసు కింద పెట్టి, పార్కు తెరిచే టైమైందని లేచాడు.